పుట్టిల్లు మరవని ముక్కు

రాజకుమారులకు అలుపు ఉండదని కథలు చెప్పేవాళ్ళు అంటారు. వాళ్ళకేం, అరుగు మీద కూర్చుని చెబుతారు. శోణగిరి రాజకుమారుడు వసుకీర్తి మాత్రం ఆ మిట్టమధ్యాహ్నం బాట పక్కన ఒక రాతి మీద కూలబడి, ఇక లేవడం తన వల్ల కాదని నిజంగానే అనుకున్నాడు. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. తలపాగా కింద నుదుటి మీద కొత్తగా మానిన గాయం చెమటకు చురచురమంటోంది. రాక్షసిలోయ దాటినప్పుడూ, మొసళ్ళ మడుగు ఈదినప్పుడూ ఇంత నీరసం రాలేదు. అప్పుడు వెనక తరిమేవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు తరిమేవాడు లేడు, తనంతట తనే నడవాలి. అదీ కష్టం.

రాజధాని శోణపురం కనుచూపు మేరలోనే ఉంది. ఇవాళే పున్నమి. ఈ సాయంకాలం, దీపాలు పెట్టే వేళ, తన తల్లి మహారాణి కుముద్వతీదేవి రాజముద్రిక తీసి మాంత్రికుడు ఘోరకంఠుడి వేలికి తొడగబోతోంది. అది తొడిగిందా, రాజ్యం వాడిదైపోతుంది. ఈలోగా తల్లి కంట పడాలి. తను బతికే ఉన్నానని ఆమెకు తెలిస్తే చాలు.

ఇంత దూరం ఎందుకు వచ్చిందంటే, శోణగిరిలో ఒక పాత కట్టుబాటు ఉంది. అంగలోపం ఉన్నవాడు సింహాసనం ఎక్కకూడదు. ఘోరకంఠుడు దాన్నే ఆసరా చేసుకున్నాడు. వేటకు వెళ్ళిన వసుకీర్తిని అడవిలో పట్టించి, ప్రాణం తియ్యకుండా ముక్కు కోయించి వదిలేశాడు. చస్తే జనం ఏడుస్తారు, ముక్కు పోతే నవ్వుతారు, వాడి తెలివి అటువంటిది. యువరాజు పులివాత పడ్డాడని ఊళ్ళో చాటించి, మొగుడూ కొడుకూ పోయి కుమిలిపోతున్న మహారాణి పంచన చేరాడు. లేపనాలు పూసి ముఖానికి పడుచుదనం తెస్తానన్నాడు. ఇప్పుడు ఊరు ఊరంతా వాణ్ణి లేపాచార్యులవారు అని చేతులు జోడిస్తోంది. చోద్యం కాకపోతే ఏమిటి!

వసుకీర్తి పడుతూ లేస్తూ తుమ్మెదకొండ చేరాడు. అక్కడ ముక్కులవ్వ అనే ముసలి వైద్యురాలు, పోయిన ముక్కులు కట్టడంలో దిట్ట. ఆవిడ అతని నుదుటి తోలును తమలపాకు మోస్తరుగా గీసి, మొదలు తెగకుండా కిందికి తిప్పి, కోసిన చోట అతికి కుట్టింది. ముక్కుపుటాలు మూసుకుపోకుండా ఆముదపు కాడలు రెండు దోపింది. గాయం మానాక మొదలు కోసింది. నీళ్ళ తొట్టిలో తన నీడ చూసుకుని వసుకీర్తి చాలాసేపు ఏడ్చాడు. ముక్కు అచ్చు పాతదానిలా లేదు, కానీ ముక్కే.

కొండ దిగుతానంటే ముక్కులవ్వ కయ్యిమంది.

"తొందరపడకు అబ్బాయ్. నుదుటి నుంచి దిగొచ్చిన ఈ తోలు కొత్తకోడలు లాంటిది. అత్తింట్లో ఎవరు పిలిచినా పుట్టింటి వైపే చూస్తుంది. ముక్కు మీద చెయ్యి పడితే నీకు నుదుటి మీద పడ్డట్టే ఉంటుంది. అది పుట్టిల్లు మరిచేదాకా ఇక్కడే పడి ఉండు. ఆ ఘోరకంఠుడు నా దగ్గర పని నేర్చి నా నెత్తినే చెయ్యి పెట్టిన వెధవ. ఈ గుట్టు వాడికీ తెలుసు."

ముద్రిక కబురు అందాక ఉండగలడా? బయలుదేరాడు. ఇదిగో, ఇప్పుడు ఇలా రాతి మీద కూలబడ్డాడు.

అంతలో గాడిద గంటల చప్పుడైంది. దాని వీపున రెండు బస్తాలు, వెనకాల ఒక నడివయసు మనిషి. జుట్టు నుంచి కాలివేళ్ళ దాకా పిండి కొట్టుకుపోయి ఉంది.

"ఏం అబ్బాయ్, ఎండలో ఎండుచేపలా పడున్నావేం? కోటకేనా? నేనూ అటే. నన్ను సున్నిపిండి పేరంటాలు అంటారులే. ఒకప్పుడు నా పిండి లేందే శోణపురంలో తలంటి లేదు. ఇప్పుడు కుక్కయినా వాసన చూడ్డంలేదు. అందరికీ లేపనాలు కావాలి, లేపనాలు!" అంటూ ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని అతని పక్కనే చతికిలబడింది. ముంతలోని బెల్లం నీళ్ళు అతనికే ముందు ఇచ్చింది.

వసుకీర్తి తాగుతుండగా బెల్లం వాసనకో ఏమో ఒక ఈగ వచ్చి అతని ముక్కు కొన మీద వాలింది. అతను విసుగ్గా చెయ్యెత్తి నుదుటి మీద ఫట్‌మని కొట్టుకున్నాడు. ఈగ కదలలేదు. మళ్ళీ కొట్టుకున్నాడు. ఈగ దర్జాగా కూర్చునే ఉంది.

పేరంటాలు పడీపడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. అతని ముక్కు పక్కన సన్నటి కుట్ల గీతలు చూసింది. తలపాగా అంచు వైపు చూసింది. గబుక్కున లేచి నిలబడింది.

"మా ఊళ్ళో ఒక దొంగ వెధవకి ముక్కు కోస్తే, తుమ్మెదకొండ వెళ్ళి కట్టించుకొచ్చాడు. వాడూ ఇంతే, జలుబు చేస్తే నుదురు తుడుచుకునేవాడు. కోటవాకిట్లో వచ్చేపోయే మగాళ్ళ కళ్ళకి గంతలు కట్టి ఈకతో ముఖాలు గీరుతున్నారు, ఇదేం పిచ్చిరా అనుకున్నా. ఆ కళ్ళు మా యువరాజువే, మీ కోసమా దొరా?"

దాచే ఓపిక కూడా లేదతనికి. అవునన్నాడు.

"పులి తిందన్నారే మిమ్మల్ని!" పేరంటాలు కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఆమె గొంతు గట్టిపడింది. "మా పిల్ల పెళ్ళికి ముందు ఆ లేపనం పూసుకుంది దొరా. నాలుగు రోజులు దీపంలా వెలిగింది. తర్వాత తోలు ఊడి మచ్చలు పడి, ఇప్పుడు గడప దాటి రాదు. సున్నిపిండి అమ్మేదాని కూతురికా ఆ గతి అని ఊరు నవ్వింది. పదండి, నేను తీసుకెళ్తాను. మీరు నా తమ్ముడు పోలిగాడు. పలికితే రాజుగారి పలుకులు పలక్కండి, దొరికిపోతారు."

ఆమె బస్తా విప్పి దోసిళ్ళతో పిండి తీసి అతని మీద చల్లింది. కుట్లన్నీ పిండిలో కప్పబడిపోయాయి. శొంఠి అరగదీసి, తలనొప్పికి వేసే పట్టులాగా నుదుటి గాయం మీద దట్టంగా పట్టించింది. కనుబొమల పైన మాత్రం కాస్త చోటు ఖాళీగా ఉంది.

దారిలో వసుకీర్తి ఒక్కటే అడిగాడు. "మా అమ్మ ఎలా ఉంది అక్కా?"

పేరంటాలు గాడిదను అదిలించింది. "పడుచుపిల్లలా ఉందంటారు దొరా. కానీ మునుపటి మనిషి కాదంట. ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. ముక్కు మీద ఈగ వాలనివ్వడంలేదని ఊరంతా అనుకుంటున్నారు."

ఆ మాట అతనికి గుచ్చుకుంది. చిన్నప్పుడు తను అలిగితే అమ్మ రెండు వేళ్ళతో ముక్కు పట్టుకుని, "కోపమంతా ఇక్కడే దాచావట్రా?" అనేది. "తీసుకో మరి" అనాలి తను. అంటే వదిలేది, అనకపోతే సాగదీసేది. పనిమనిషి కూతురికి జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చున్న తల్లి, ఇప్పుడు గర్విష్ఠి అయిపోయిందా? అలసట మీద దిగులు కూడా ఎక్కి అతని అడుగు మరీ భారమైంది.

శోణపురం కోట దూరానికి అందంగానే ఉంది. ఎర్రరాతి ప్రాకారం మీద పసిడి కలశాలు ఎండకు ధగధగలాడుతున్నాయి. బురుజు బురుజుకూ చిలకపచ్చ పతాకాలు. అగడ్తలో విరగబూసిన ఎర్రకలువలు, వాటి మధ్య బారులు తీరిన రాజహంసలు, మహాద్వారం మీద కెంపులూ పచ్చలూ తాపిన మకరతోరణం. దాని నీడలో లేపనశాల, లేపనశాల ముందు ఆడవాళ్ళ వరుస. కొత్త ఇత్తడి చెంబుల్లా మెరుస్తున్నాయి ముఖాలు. చెవుల దగ్గర మాత్రం తోలు పొరలు పొరలుగా లేచి ఉంది. ఒకావిడ పక్కావిడతో, "మంటగానే ఉంటుందట వదినా, ఇంకో పూత పడితే తగ్గుతుందన్నారు" అంటోంది. ఆ గొంతులో ఓపిక లేదు, నమ్మకమూ లేదు. అయినా వరుస వదిలి కదలడం లేదు.

వాకిట్లో భటుడికి కూడా ఓపిక అయిపోయింది. పొద్దుటి నుంచి ఎన్ని ముఖాలు గీరాడో వాడికే తెలియదు.

"రా, కూర్చో. గంత కట్టుకో. ఈక ఎక్కడ తగిలితే అక్కడి పేరు చెప్పు. తప్పు చెప్పావో, నేరుగా లేపాచార్యులవారి దగ్గరికే. నన్నేం అడక్కు, ఎందుకో నాకూ తెలీదు."

వసుకీర్తి కూర్చున్నాడు. బుగ్గ మీద తగిలితే బుగ్గ అంటాడు, సరే. నుదుటి మీద తగిలినా, ముక్కు మీద తగిలినా తనకు ఒకటే! ఏది ఏదని చెప్పగలడు?

అప్పుడు పేరంటాలు అందుకుంది. "అయ్యో, ఆ చేతులేంటి బాబూ, ఇంతమంది జిడ్డూ నీకే అంటుకుందే! ఆ చేత్తోనే అన్నం తింటావా? ఇదిగో, కాస్త పిండి రుద్దుకో. కచ్చూరాలు, బావంచాలు, ఎండబెట్టిన గులాబీరేకులు, అన్నీ వేసి కొట్టింది. ఊరికేలే, ఏమీ ఇవ్వక్కర్లేదు."

భటుడు పాపం ఎవరూ అలా పలకరించి ఎన్నాళ్ళయిందో, చేతులు చాచాడు. ఆమె నీళ్ళు పోసి, పిండి పోసి, వేలు వేలు రుద్దించింది. వాకిలంతా కచ్చూరాల వాసన గుప్పుమంది. పేరంటాలు గంత కడుతూ తమ్ముడి చెవిలో, "వాసన చూడండి దొరా, వాసన" అని గొణిగింది.

ఈక బుగ్గ మీద తగిలింది. "బుగ్గ." గడ్డం మీద తగిలింది. "గడ్డం."

తర్వాత నుదుటి మీద తగిలినట్టనిపించింది. వసుకీర్తి నోరు తెరవబోయి ఆగాడు. మెల్లగా ఊపిరి పీల్చాడు. కచ్చూరాల ఘాటు పుటాల్లోకి నేరుగా దూరింది. చెయ్యి ముక్కు ముందే ఉంది!

"ముక్కు" అన్నాడు.

మళ్ళీ అదే చోట తగిలినట్టయింది. పీల్చాడు. వాసన పల్చగా, ఎక్కడో పైనుంచి వచ్చింది.

"నుదురండీ. మెల్లిగా, తలనొప్పి."

"పో పో" అన్నాడు భటుడు, గంత లాగేస్తూ. కొన్నిసార్లు మనిషి ప్రాణాన్ని కాపాడేది కత్తీ కాదు, మంత్రమూ కాదు, తలంటికి రుద్దుకునే గుప్పెడు పిండి. వసుకీర్తి లేచి నిలబడేసరికి చొక్కా అంతా తడిసి ముద్దయింది.

వాళ్ళు గాడిదను తోలబోతుంటే భటుడు వెనక్కి పిలిచాడు. ఇద్దరూ గాడిదను ఆపారు.

"ఇదిగో అమ్మా, సున్నిపిండేగా నువ్వు అమ్మేది? లోపల అడుగుతున్నారు. రాణిగారి ముఖం మంటెక్కిపోతోందట. లేపనం మీద లేపనం పూస్తున్నా తగ్గడంలేదు. సాయంత్రం పదిమందిలో కూర్చోవాలి కదా, పాత కాలపు నలుగు పెట్టి చూద్దామని దాదులు అన్నారట. నేను చెప్పానని ఎవరితో అనకు."

దేవుడు ఒక్కోసారి తలుపు ఇలా కూడా తీస్తాడు. వసుకీర్తి అలుపు సగం ఎగిరిపోయింది. అమ్మ దగ్గరికి దారి దొరికింది.

రాణివాసం కథల్లో చెప్పుకునేటట్టే ఉంది. చంద్రకాంతపు గచ్చు, పగడాల కంబాలు, ఒక్కో కంబానికి ఒక్కో వెండి చిలక. పన్నీటి జల్లులు పైనుంచి సన్నగా రాలుతున్నాయి. నెమళ్ళు పురి విప్పిన పట్టు తెరల అవతల, ఏనుగుదంతపు ఆసనం మీద ఆమె కూర్చుని ఉంది. ఇటూ అటూ చామరాలు పట్టుకున్న దాసీలు. గది మూలన వీపు ఇటు పెట్టి, పొడుగాటి జుట్టు విరబోసుకుని, కల్వంలో ఏదో నూరుతున్నాడు ఘోరకంఠుడు. చూడకుండానే, "త్వరగా కానివ్వండి" అన్నాడు.

వసుకీర్తి తేనె, మీగడ, పిండి ఉన్న గిన్నె పట్టుకుని మెట్టు కింద నిలబడ్డాడు. తలెత్తి చూశాడు.

అమ్మే. ఎడమకు కాస్త ఒరిగిన ఆ ముక్కు, ఆ గడ్డం, ఆ పెదవి. తను వదిలి వెళ్ళినప్పటి కన్నా పిన్న వయసు ముఖం. బుగ్గలు ఎర్రగా కమిలి ఉన్నాయి. నగలంటే గిట్టని మనిషి, నుదుటి మీద ఈ కణత నుంచి ఆ కణత దాకా వెడల్పాటి రత్నాల పట్టీ కట్టుకుంది. కళ్ళలో మాత్రం పడుచుదనం లేదు. రాత్రుళ్ళు నిద్రలేని కళ్ళు అవి.

ఆ కళ్ళు అతని మీదుగా వెళ్ళాయి, ఆగలేదు.

ముక్కు మారితే మాత్రం తల్లి కొడుకును గుర్తుపట్టదా? నడక చూసి, నిలబడ్డ తీరు చూసి అయినా పోల్చుకోదా? పిండి వల్లనేమోలే అని సర్దిచెప్పుకున్నాడు. పేరంటాలు నలుగు కలుపుతూ ముందుకు వంగినప్పుడు, తనూ గిన్నె అందిస్తున్నట్టు వంగి, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"తీసుకో మరి."

ఆమె అయోమయంగా చూసింది. "ఏమిటి తీసుకోవాలి?" అంది, మెల్లగా.

ఇంత దూరం ఈ మాట కోసం నడిచాడు. మరిచిపోయిందా? లేపనం మతి కూడా తినేసిందా?

ఎండ వేడికి కుడివైపు దాసీ కునికింది. పాపం, దానికీ పొద్దుటి నుంచి రెక్కలు పడిపోయి ఉన్నాయి. చామరం ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణం చాలు ఈగకు. గిన్నెలో తేనె వాసన పట్టుకుని ఎక్కణ్ణుంచో వచ్చింది, గిన్నె చుట్టూ తిరిగింది, పైకి లేచింది, మహారాణి ముక్కు కొన మీద వాలింది.

మహారాణి చెయ్యెత్తి నుదుటి మీద ఉన్న రత్నాల పట్టీని విసుగ్గా తుడుచుకుంది.

ఈగ కదలలేదు. ఆమె మళ్ళీ నుదురే తుడుచుకుంది.

వసుకీర్తికి ఇప్పుడు అర్థమైంది. ముక్కు మీద ఈగ వాలనివ్వడంలేదని ఊరంతా అనుకుంటున్నది గర్వం గురించి అనుకున్నాడు. కాదు. చామరాలు ఇటొకటి అటొకటి పెట్టి, నిజంగానే ఈగ వాలకుండా కాచుకుంటున్నారు! ఆ పట్టీ కింద గాయం ఉంది. ఆ ముక్కు నుదుటి నుంచి దిగొచ్చిన ముక్కు. ఈమె అమ్మ కాదు. అమ్మ ముఖం పెట్టుకున్న మరెవరో.

మరి అమ్మ ఏది?

ఈగ అక్కడినుంచి లేచింది. మెట్టు దిగి, నేరుగా వచ్చి అతని ముక్కు మీద కూర్చుంది. తెలిసీ తెలిసీ, ఆపుకునేలోపే, వసుకీర్తి చెయ్యి నుదుటి మీదికి వెళ్ళిపోయింది. శొంఠి పట్టు పెచ్చు ఊడి గిన్నెలో పడింది.

ఆమె చెయ్యి ఇంకా నుదుటి మీదే ఉంది. అతని చెయ్యీ నుదుటి మీదే ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు. పేరంటాలు నలుగు కలిపే చెయ్యి ఆగిపోయింది. మూలన కల్వం మాత్రం గరగర నూరుతూనే ఉంది.

మహారాణి పెదవులు కదిలాయి. వచ్చింది మహారాణి మాట కాదు, పొలాల్లో కలుపు తీసే మనిషి మాట.

"సెయ్యి దించు నాయనా" అందామె, గాలి కన్నా మెల్లగా. కమిలిన బుగ్గల మీదికి నీళ్ళు కారుతున్నాయి. "మీ యమ్మ బతికే ఉంది. నన్ను సంపేత్తారని ఈ మొకం ఏయించుకున్నా. అలిసిపోయాను నాయనా, మోయలేకపోతన్నా."

కల్వం చప్పుడు ఆగింది.

"ఏమిటక్కడ గుసగుసలు?" అన్నాడు ఘోరకంఠుడు, ఇంకా వెనక్కి తిరక్కుండానే.

"ఏం లేదు" అందామె, మళ్ళీ మహారాణి గొంతుతో. "ఈగ."

ఘోరకంఠుడు నూరే పొత్రం పక్కన పెట్టాడు. తీరిగ్గా చేతులు తుడుచుకున్నాడు. అప్పుడు మెల్లగా ఇటు తిరిగాడు.

"ఈగా?" అన్నాడు. "ఎవరి ముక్కు మీద?"